ట్రాక్టర్ ట్రక్కుల కింద తాడు పట్టుకున్న వాళ్లకు

మొన్న శనివారం రాత్రి మేం ఆడిన 'శ్రీకృష్ణ తులాభారం' బాగుందని ఇంకా ఫోన్లు వస్తూనే ఉన్నాయి. మెచ్చుకోళ్లన్నీ సత్యభామకీ కృష్ణుడికీ వెళుతున్నాయి, వెళ్లాలి కూడా. కానీ ఆ రాత్రి నాటకం ఆగిపోకుండా కాచిన వాళ్లలో సగం మంది అసలు జనానికి కనబడనే లేదు. మా నాటక సమాజం కార్యదర్శిగా వాళ్లకు కృతజ్ఞతలు చెప్పడం నా వంతు. పేర్లు రాయొద్దని కొందరు గట్టిగా అన్నారు కాబట్టి చేసిన పని రాస్తాను, మనిషెవరో ఊళ్లో వాళ్లకు ఎలాగూ తెలిసిపోతుంది.

మాది డబ్బులు తీసుకుని ఆడే కంపెనీ కాదు. కృష్ణుడు బీమా ఏజెంటు, సత్యభామ హైస్కూల్లో లెక్కల టీచరు, నారదుడు రిటైరైన ఆర్టీసీ కండక్టరు. పగలు ఎవరి పని వాళ్లు చూసుకుని రాత్రిళ్లు హార్మోనియం చుట్టూ చేరే బాపతు. ముత్తరాజు సుబ్బారావు గారి నాటకం ఎత్తుకోవడమే మాకు పెద్ద సాహసం. దానికి తోడు మా తెనాలి వైపు ఈ నాటకం పేరు చెబితే చాలు, పెద్దవాళ్లు స్థానం నరసింహారావు గారి దగ్గరికి వెళ్లిపోతారు. బాపట్లలో పుట్టి, తెనాలి రామవిలాస సభలో ఆడవేషాలతో పేరు తెచ్చుకుని, 1956లో పద్మశ్రీ అందుకున్న నటుడాయన. 'మీరజాలగలడా' పాట సత్యభామ వేషం కోసం ఆయన తనకు తానే రాసుకున్నారు. 1966 సినిమాలో జమున గారు దానికి అభినయించాక ఇక తెలియని ఇల్లు లేదు. అలాంటి పాట పాడాల్సిన అమ్మాయికి మూడు రోజుల ముందు జలుబు చేసి గొంతు బొంగురుపోతే మా టెన్షన్ ఎలా ఉంటుందో ఊహించుకోండి.

హార్మోనియం మాస్టారు మాత్రం తొణకలేదు. "అమ్మాయ్, అయిదు శృతి వద్దు, నాలుగులో పాడు, మిగతాది నేను చూసుకుంటా" అన్నారు. ఒకళ్లకు శృతి దించితే ఆమెతో సంవాదం ఉన్న ప్రతివాళ్లూ దిగాలి. డెబ్బై దాటిన ఆ పెద్దాయన కృష్ణుడినీ నారదుడినీ కూర్చోబెట్టి ఒక్కో పద్యం కొత్త శృతిలో మళ్లీ పట్టించారు. పైసా పుచ్చుకోలేదు. శాలువా కప్పబోతే ముందు తబలా అబ్బాయికి కప్పమన్నారు.

ఇక వాన సంగతి. శుక్రవారం రాత్రి కురిసిన వానకు గుడి ముందు వేసిన స్టేజీ చుట్టూ మోకాలి లోతు నీళ్లు. వాయిదా వేద్దామని మేం గొణుక్కుంటుంటే వడ్ల మిల్లు యజమాని వచ్చి, గోడౌను ఖాళీ చేయిస్తాను, తెరలు అక్కడికి పట్టుకురండి అన్నారు. మిల్లులో బస్తాలు మోసే ముఠా వాళ్లు మధ్యాహ్నానికల్లా బస్తాలు ఒక పక్కకు మెట్లు మెట్లుగా నెట్టు కట్టేశారు. పిల్లలంతా ఆ బస్తాల మీదెక్కి చూశారు. నా లెక్కన హాల్లో అవే మంచి సీట్లు. రెండు ట్రాక్టర్ ట్రక్కులు పక్కపక్కన పెట్టి చెక్కలు పరిస్తే స్టేజీ తయారైంది.

త్రాసు కథ కాస్త వివరంగా చెప్పాలి. డ్రస్సులతో పాటు అద్దెకొచ్చిన త్రాసు అట్టముక్కకు బంగారు కాగితం అంటించింది. మా కృష్ణుడు ఎనభై కిలోల పైమాటే. మిల్లులో ఎలక్ట్రానిక్ కాటా రాకముందు వాడిన పాత ఇనుప త్రాసు మూలన పడి ఉంటే, వెల్డింగ్ షాపు బాబాయి దాన్ని తుప్పు గీకి, గట్టి స్టాండు చేసి వేలాడదీశాడు. గోనెసంచి వాసన పోవడానికి పళ్లేలకు పసుపు రాసి బంతిపూలు చుట్టారు.

సత్యభామ నగల మూటలన్నీ పెట్టినా త్రాసు కదలకపోవడం సులువు, మూటల్లో ఉన్నది ఎండుగడ్డే కదా. రుక్మిణి తులసిదళం వేయగానే కృష్ణుడు పైకి లేవడమే కష్టం. అందుకని తులసి పళ్లేనికి అడుగున నల్ల నైలాన్ తాడు కట్టి, ట్రక్కుల మధ్య సందులోంచి కిందికి వదిలారు. కింద ఇద్దరు ముఠా అన్నలు వంగి కూర్చున్నారు. వాళ్లకు పైన ఏం జరుగుతోందో కనబడదు. ప్రాంప్టరు కాలితో రెండుసార్లు తడితే లాగాలి. తీరా రుక్మిణి పద్యం అందుకుంటే జనం వన్స్ మోర్ అన్నారు. ఆవిడ మళ్లీ పాడింది, ఈసారి రాగం ఇంకా సాగదీసింది. ఉక్కపోతలో, దోమల మధ్య, ఆ తాడు చేతికి చుట్టుకుని వాళ్లు అలాగే ఉన్నారు. చివరికి కాలు తట్టిన చప్పుడు వినబడగానే ఒక్క ఊపున కాదు, మెల్లగా, దేవుడే లేస్తున్నట్టు లాగారు. బస్తాల మీద పిల్లల ఈలలకు నారదుడి మాటలు ఎవరికీ వినబడలేదు. తర్వాత చూస్తే ఒకాయన అరచేయి ఒరుసుకుపోయి ఉంది. "రోజూ మోసే బరువే కదండీ" అన్నాడు. అన్నా, నీకు దండం.

ఆడవాళ్లు వేషాలు వేసుకోవడానికి తమ వసారా, బీరువా అద్దం ఇచ్చిన ఎదురింటి వాళ్లకు, అర్ధరాత్రి అందరికీ పులిహోర, పెరుగన్నం పెట్టిన వదినలకు, నూటపదహార్లు మొదలు తోచినంత చదివించిన ప్రతి ఒక్కరికీ నమస్కారాలు. జమాఖర్చుల కాగితం గుడి నోటీసు బోర్డు మీద అంటించాం, చూసుకోవచ్చు. మిగిలిన కొద్ది డబ్బూ మిల్లు వాళ్ల కరెంటు బిల్లుకు ఇవ్వబోతే తీసుకోలేదు, కాబట్టి తబలా మూతలకు వాడుతున్నాం.

ఇంకొక మాట. వసారాలో ఒక కళ్లజోడు, మూడు గిన్నెల స్టీలు క్యారియరు, ఎడమకాలి గజ్జెలు ఉండిపోయాయి. ఎవరివో వచ్చి తీసుకెళ్లండి. గజ్జెలు మాత్రం డ్రస్సులతో అద్దెకొచ్చినవి కావు, అడిగి చూశాం.