రంగుల టెండరు కంటే ముందు గోపురాన్ని తట్టి చూడండి: దేవదాయ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ దేవదాయ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. 2027లో గోదావరి పుష్కరాలు. పుష్కరాలంటే ఘాట్లు, రోడ్లు, వాటితో పాటు గుళ్ళకు రంగులు. నదికి అటూ ఇటూ ఉన్న గాలిగోపురాలకు సారవలు (ఎక్కి పని చేయడానికి కట్టే కర్రల కట్లు) కడతారు, రంగు డబ్బాలు దిగుతాయి, మొదటి రోజు స్నానాల నాటికి అన్నీ తళతళలాడుతుంటాయి. రంగు వేయవద్దని చెప్పడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. వేసే ముందు దాని కింద ఏముందో ఎవరైనా చూస్తున్నారా అని అడగడానికి రాస్తున్నాను.

మా ఊరి గుడికి అయిదంతస్తుల గోపురం ఉంది. 2015 పుష్కరాలకు దానికి నూనె రంగులు వేశారు. ఈ మధ్య మళ్ళీ సారవ కట్టినప్పుడు ఆలయ అధికారి అనుమతి తీసుకుని మూడో అంతస్తు దాకా ఎక్కాను. కింది నుంచి చూస్తే నిక్షేపంలా ఉన్న ద్వారపాలకుడి కుడిచేతికి, దగ్గరికి వెళితే వేళ్ళు లేవు. విరిగిపోయాయనుకునేరు, కాదు. పూత మీద పూత పడి నాలుగు వేళ్ళూ ఒకే ముద్దయ్యాయి. మోచేతి దగ్గర రంగు బొబ్బలెక్కింది. ఒక బొబ్బను గోటితో గిల్లితే లోపలి సున్నం పొడిపొడిగా జారి నా చొక్కా మీద పడింది. భుజం మీద మెటికతో తడితే డొల్ల చప్పుడు. నడుము దగ్గర ఎప్పుడో మెత్తిన సిమెంటు మాత్రం చెక్కుచెదరలేదు, దాని అంచు వెంబడి పాత సున్నమంతా పగిలిపోయింది. పక్కనే ఉన్న మేస్త్రి, "రంగు పడితే ఇవేవీ కనపడవండీ" అన్నాడు. నిజమే, కనపడవు. పోయిన పుష్కరాలకూ అలాగే కనపడకుండా పోయాయి.

మన పాత గోపురాలకు కింది భాగం రాయి, పై అంతస్తులు ఇటుక, డంగు సున్నం (ఇసుకతో కలిపి గానుగలో నూరిన సున్నం). బొమ్మలన్నీ ఆ సున్నంతో చేసినవే. సున్నం గాలిలోని బొగ్గుపులుసు వాయువును పీల్చుకుని, పై నుంచి లోపలికి నెమ్మదిగా మళ్ళీ రాయిగా మారుతుంది. వాన పడితే చెమ్మ పీల్చుకుంటుంది, ఎండ కాస్తే వదిలేస్తుంది. దాని బతుకంతా ఆ రాకపోకల్లోనే ఉంది. దాని మీద ఎనామిల్, అంటే నూనె రంగు వేయడమంటే మనిషికి వానకోటు తొడిగి రోహిణి కార్తె ఎండలో నిలబెట్టడమే. పగుళ్ళలోంచి దిగిన నీరు బయటికి పోలేక అక్కడే ఉంటుంది, దానిలోని ఉప్పు రంగు వెనకాల పేరుకుని సున్నాన్ని పిండి చేస్తుంది. పైగా సున్నానిది క్షార గుణం. తడి ఆరని సున్నం మీద నూనె రంగు పూస్తే ఆ నూనె సబ్బుగా మారుతుంది. ఇక అది పట్టుకుని ఉండమంటే ఎలా ఉంటుంది?

పెయింటర్లను నేను తప్పు పట్టను. చదరపు మీటరుకు ఇంత అని లెక్కగట్టి ఇస్తే ఎవరైనా మీటర్లే చూసుకుంటారు. బొమ్మ వేళ్ళు విడదీసి, ముక్కు తీర్చి, డొల్లబారిన చోట పూత విప్పి మళ్ళీ మెత్తే పనికి ఆ లెక్కలో గడి ఉండదు. తప్పు అంచనా పత్రంలో ఉంది. అది సరిచేయడం మీ శాఖ చేతిలో పని.

పనివాళ్ళు దొరకరు అంటారు. తిరుపతిలో తిరుమల తిరుపతి దేవస్థానం నడుపుతున్న సాంప్రదాయ శిల్ప కళాశాలలో సుధా శిల్పం ప్రత్యేకంగా నేర్పుతున్నారు. సుధ అంటే ఈ సున్నపు పనే. అక్కడ చదివి బయటికొచ్చిన వారికి మన గోపురాల మీద పని లేకపోతే ఇంకెక్కడ ఉంటుంది? టెండరులో అలాంటి శిల్పి పర్యవేక్షణ తప్పనిసరి అని ఒక్క వాక్యం చేర్చండి.

కాలం సంగతి ఇంకా ముఖ్యం. పుష్కరాలు వానాకాలం మొదట్లో వస్తాయి కనుక పనులన్నీ ఏప్రిల్, మే నెలల్లో ఉరుకుల పరుగుల మీద చేస్తారు. సున్నపు పనికి అంతకంటే చెడ్డ కాలం లేదు. ఆ ఎండకు సున్నం గట్టిపడక ముందే ఎండిపోయి చిట్లుతుంది. పలచటి పూతలుగా వేసి, ఒక్కోదానికీ తడి పెడుతూ, ఆగాలి. కార్తీకం వెళ్ళాక మొదలుపెట్టి మాఘం, ఫాల్గుణాల్లోగా ముగించుకోవాలి. అంటే మంజూరు కాగితాలు దసరాకే కదలాలి. వేసవిలో నిధులు విడుదల చేసి పనిలో నాణ్యత లేదనడం న్యాయం కాదు.

సారవ విషయమూ చూడండి. మంగళగిరి నరసింహస్వామి గుడికి అమరావతి జమీందారు వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు 1807, 1809 మధ్య కట్టించిన తూర్పు గోపురం పదకొండు అంతస్తులు, 153 అడుగులు. కట్టాక అది ఒరిగిందనీ, ఎదురుగా కోనేరు తవ్వించాక నిటారుగా నిలిచిందనీ అక్కడి వాళ్ళు చెప్పుకుంటారు. కథ ఎలా ఉన్నా, ఆ ఎత్తుకు సారవ కట్టడం మాటలు కాదు. అంత ఖర్చు పెట్టి కర్రలు కట్టాక, ఇంజనీరు ప్రతి అంతస్తూ ఎక్కి, ప్రతి బొమ్మనూ ఫొటో తీయించి, పగుళ్ళు గుర్తించి, రావి, మర్రి మొక్కలను వేళ్ళతో సహా తీయించకుండా రంగు పూసి దిగిపోవడం దుబారా. శ్రీకాళహస్తిలో శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలింది. రంగుల వల్ల కూలిందని నేను అనడం లేదు. కానీ కూలే ముందు దానికి పగుళ్ళు కనిపించాయి. పగుళ్ళు కనిపించాలంటే మందపాటి పూత వాటిని మూసేయకూడదు కదా.

పాత రంగు గీకడంలోనూ జాగ్రత్త కావాలి. రంగుల్లో సీసం పది లక్షల పాళ్ళకు 90 మించరాదన్న కేంద్ర నిబంధన 2017 నవంబరులోనే అమల్లోకి వచ్చింది. అంతకు ముందు వేసిన పూతల్లో ఎంతుందో పరీక్షించకుండా గీకితే ఆ దుమ్ము కింద పూలు, కొబ్బరికాయలు అమ్ముకునే వాళ్ళ మీద పడుతుంది. గీకేవాడు తలకు తువ్వాలు చుట్టుకుని అదే మాస్కు అనుకుంటాడు.

అందుచేత నా మనవి: గుళ్ళ బాగుకు మీ శాఖ ఇచ్చే సర్వశ్రేయో నిధి (కామన్ గుడ్ ఫండ్) నుంచి గోపురాల పనికి డబ్బు ఇచ్చేటప్పుడు సున్నం మరమ్మతుకు ఒక పద్దు, రంగుకు వేరే పద్దు పెట్టించండి. మొదటిది పూర్తయిందని శిల్పి, ఇంజనీరు సంతకం చేశాకే రెండోది విడుదల కావాలి. సున్నపు గోపురాల మీద సిమెంటు, ఎనామిల్ వాడరాదని ఉత్తర్వు ఇవ్వండి. సున్నంలో కలిపే కావి వంటి మట్టి రంగులు గానీ, గాలి ఆడనిచ్చే ఖనిజ రంగులు గానీ వాడమనండి. అవి అంత మెరవవు. మెరుపు తగ్గిందని భక్తులు ఫిర్యాదు చేస్తే, కారణం రాసిన ఒక బోర్డు గోపురం కింద పెట్టించండి, చదువుకుంటారు.

మా గుడి సారవ ఇంకా విప్పలేదు. మీ శాఖ ఇంజనీరు ఒకరిని పంపితే మూడో అంతస్తుకు నేనే తీసుకువెళతాను.

ఇట్లు,
గోదావరి జిల్లాల నుంచి ఒక విశ్రాంత సివిల్ ఇంజనీరు