మార్మన్ల గడప తొక్కే నాయకులు ముందు వాళ్ళ చరిత్ర తెలుసుకోవాలి

సంపాదకులు గారికి నమస్కారం,

అమెరికా ఎలక్షన్ల మీద మీ పేపర్లో వచ్చిన వ్యాసం మా చెల్లి వాట్సాప్‌లో పంపితే చదివాను. అందులో అరిజోనా గురించి రాస్తూ మార్మన్ల మీద, అంటే అమెరికాలోనే పుట్టిన ఒక క్రైస్తవ చర్చి వాళ్ళ మీద, రెండే రెండు ముక్కలు రాశారు, వాళ్ళు ఒక పార్టీకి గంపగుత్తగా ఓట్లేసే ఓటు బ్యాంకు అని, ఎక్కువమంది పెళ్ళాలని చేసుకునే మతం అని. నేను 14 ఏళ్ళ నుంచి అరిజోనాలోని గిల్బర్ట్‌లో ఉంటున్నాను, మా వీధిలో సగం ఇళ్ళు వాళ్ళవే, ఆ రెండు ముక్కలూ చదివి మనసు కష్టమనిపించింది అందుకే రాస్తున్నా. ఉత్తరం కొంచెం పెద్దదే అవుతుంది, దయచేసి కట్ చేయకుండా వేయండి.

పెళ్ళిళ్ళ సంగతి ముందు చెప్పేస్తా. ఆ పద్ధతి ఆపేస్తున్నామని చర్చి 1890లోనే ప్రకటించింది, ఇప్పుడు భార్య ఉండగా ఇంకొకరిని చేసుకుంటే చర్చిలోంచి తీసేస్తారు. అలా చేసుకునే చిన్న చిన్న గుంపులు వేరే ఉన్నాయి, వాటితో ఈ చర్చికి సంబంధం లేదు. ఇంకోటి, 2018 నుంచి మమ్మల్ని మార్మన్లు అనొద్దు పూర్తి పేరుతో పిలవండి అని వాళ్ళే అడుగుతున్నారు, తెలుగులో ఆ పేరు యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘము. మన పాఠకులకి తెలిసిన మాట అని నేను ఇక్కడ మార్మన్లు అనే రాస్తున్నాను. ఇది మనకి సంబంధం లేని దూరపు మతం కూడా కాదు, ఇండియాలో వాళ్ళ మొట్టమొదటి స్టేక్ 2012లో మన హైదరాబాద్‌లోనే పెట్టారు, స్టేక్ అంటే ఆర్‌సీఎం వాళ్ళ డయాసిస్ లాంటిది అనుకోండి.

ఇక ఓటు బ్యాంకు మాట. అది నిజంగా ఎంత తప్పో మా పక్క ఊరు మీసా సంగతి ఒక్కటి చూస్తే చాలు. మీసా ఊరు 1878లో మార్మన్లు వచ్చి కట్టుకున్నది, 1927 నుంచి అక్కడ టెంపుల్ ఉంది, క్రిస్మస్‌కి ఆ లైట్లు చూడటానికి మన తెలుగువాళ్ళం కూడా పిల్లల్ని తీసుకుని వెళ్తాం. ఆ మీసా నుంచి గెలిచిన రస్సెల్ పియర్స్ గారు అప్పట్లో అరిజోనా సెనేట్ ప్రెసిడెంట్, ఆయనా మార్మనే, పేపర్లు లేని వలసదారుల మీద 2010లో వచ్చిన ఎస్‌బీ 1070 అనే కఠినమైన చట్టం ఆయన తెచ్చిందే. 2011 నవంబర్‌లో ఆయన్ని రీకాల్ ఎలక్షన్, అంటే పదవి మధ్యలోనే దించే ఎలక్షన్, పెట్టి దించేశారు, దించింది ఎవరనుకుంటున్నారు, జెర్రీ లూయిస్ అని అదే చర్చి మనిషి అదే రిపబ్లికన్ పార్టీ మనిషి. ఆ ఇళ్ళల్లో పిల్లలు 18, 19 ఏళ్ళకి మిషన్ మీద, అంటే మత ప్రచారానికి, వెళ్ళి ఏడాదిన్నర రెండేళ్ళు ఉండి వస్తారు, చాలామంది లాటిన్ అమెరికా దేశాల్లో ఉండి స్పానిష్ నేర్చుకుని తిరిగొస్తారు, వాళ్ళకి వలసదారు అంటే టీవీలో కనపడే బొమ్మ కాదు, తనకి అన్నం పెట్టిన ఇల్లు. ఇది తెలియని నాయకుడు మీసా వచ్చి వలసల మీద గట్టిగా అరిస్తే చప్పట్లు వస్తాయి అనుకుంటాడు, కొన్ని వస్తాయి కూడా, కానీ వెనక వరసల్లో ఎంతమంది తల దించుకుని కూర్చున్నారో అతనికి కనపడదు.

అసలు ఈ నాయకులు అందరూ ముందు చదవాల్సింది 1838. ఆ ఏడాది అక్టోబర్ 27న మిస్సోరీ గవర్నర్ బాగ్స్ ఒక ఆర్డర్ ఇచ్చాడు, మార్మన్లని శత్రువుల్లా చూడాలి, నిర్మూలించాలి లేదంటే రాష్ట్రం నుంచి తరిమేయాలి అని. ఒక రాష్ట్ర ప్రభుత్వం తన జనం మీదే కాగితం మీద సంతకం పెట్టి ఇచ్చిన ఆర్డర్ అండి అది. ఆ వారంలోనే హాన్స్ మిల్ అనే చోట 17 మందిని చంపేశారు, వేలమంది చలికాలంలో పిల్లా పాపలతో ఇల్లినాయ్ వైపు వెళ్ళిపోయారు. ఆ ఆర్డర్‌ని అధికారికంగా రద్దు చేసింది 1976లో, అంటే 138 ఏళ్ళ తర్వాత. మా పక్కింటి పెద్దాయన దీని గురించి చెప్పేటప్పుడు వాళ్ళ ముత్తాతకి తాత అయిన మనిషి గురించి నిన్న జరిగినట్టు చెప్తారు, గొంతు మారిపోతుంది ఆయనకి.

అప్పుడు వాళ్ళే నాయకుల దగ్గరికి వెళ్ళారు. వాళ్ళ ప్రవక్త జోసెఫ్ స్మిత్ 1839 చివర్లో వాషింగ్టన్ వెళ్ళి ప్రెసిడెంట్ వాన్ బ్యూరెన్‌ని కలిస్తే, మీ మాట న్యాయమే గానీ నేనేమీ చేయలేను, మీ పక్షాన నిలబడితే మిస్సోరీ ఓట్లు పోతాయి అన్నాడని ఇప్పటికీ చెప్పుకుంటారు. తర్వాత 1843లో ప్రెసిడెంట్ పదవికి నిలబడతారని అనుకున్న ఐదుగురికి స్మిత్ ఉత్తరాలు రాశాడు, మీరు గెలిస్తే మా జనం విషయంలో ఏం చేస్తారు అని. ముగ్గురే జవాబు రాశారు, కాపాడతాను అని ఒక్కరూ మాట ఇవ్వలేదు. దాంతో 1844లో ఆయనే పోటీకి దిగాడు, జూన్ 27న కార్తేజ్ జైల్లో ఉండగా గుంపు వచ్చి ఆయన్నీ అన్ననీ కాల్చి చంపేసింది.

ఇప్పుడు అదే జనం దగ్గరికి నాయకులు వస్తున్నారు, ఎందుకంటే 2020లో అరిజోనాలో గెలుపు తేడా 10,457 ఓట్లు. రాష్ట్రంలో మార్మన్లు 4 లక్షల పైనే. 2020 ఆగస్టులో అప్పటి వైస్ ప్రెసిడెంట్ పెన్స్ మీసా వచ్చి ట్రంప్ కోసం వీళ్ళతో ఒక కూటమి మొదలుపెట్టారు. 2024లో డెమొక్రాట్లు కూడా హ్యారిస్ కోసం ఇక్కడ ఒక కమిటీ పెట్టారు, అప్పటి మీసా మేయర్ జాన్ జైల్స్, రిపబ్లికన్ మార్మన్, వెళ్ళి డెమొక్రాట్ల మహాసభలో మాట్లాడారు. రావడం తప్పని నేను అనను, రావాలి, వాన్ బ్యూరెన్ లాగా మొహం తిప్పుకోవడం కన్నా వెయ్యి రెట్లు మేలు. కానీ ఎలా వస్తున్నారన్నదే నా బాధ.

2020 అక్టోబర్‌లో ఇక్కడి గుడ్‌ఇయర్ అనే ఊళ్ళో జరిగిన సభలో సెనేటర్ మైక్ లీ, ఆయన కూడా మార్మనే, ట్రంప్‌ని చూపించి ఈయన కెప్టెన్ మొరోనై లాంటివాడు అన్నారు. మొరోనై అంటే వాళ్ళ పవిత్ర గ్రంథంలో వీరుడు, పదవి మీద ఆశ లేనివాడు. మన దగ్గర ఫ్లెక్సీలో నాయకుడి మొహాన్ని రాముడి బొమ్మకి అతికిస్తే భక్తులకి ఎలా ఉంటుందో అలాగే అనిపించింది చాలామందికి, అప్పుడు మా వీధిలో ట్రంప్‌కి ఓటేసినవాళ్ళే నొచ్చుకున్నారు. దానికి పూర్తిగా వేరే రకంగా 2016 ఆగస్టులో హిల్లరీ క్లింటన్ సాల్ట్ లేక్ సిటీ పేపర్ డెసరెట్ న్యూస్‌లో ఒక వ్యాసం రాశారు, ముస్లింలని రానివ్వను అన్న ట్రంప్ మాటని పట్టుకుని నేరుగా బాగ్స్ ఆర్డర్ గుర్తుచేశారు. ఆ ట్రంప్ మాట వచ్చిన 2015 డిసెంబర్‌లోనే చర్చి కూడా పేరెత్తకుండా స్మిత్ పాత మాటలు బయటపెట్టింది, మార్మన్ కోసం చావడానికి సిద్ధపడినట్టే వేరే మతంవాడి హక్కుల కోసం కూడా చావడానికి సిద్ధం అన్న మాటలు. మార్మన్లు ఎక్కువగా ఉండే యూటా రాష్ట్రంలో 2012లో రిపబ్లికన్ అభ్యర్థి, తమ మనిషి మిట్ రామ్నీకి 72 శాతం పైన ఓట్లు వస్తే 2016లో అదే పార్టీ నుంచి ట్రంప్‌కి వచ్చింది 45 శాతం, ఇవాన్ మెక్‌ముల్లిన్ అని ఎవరికీ పెద్దగా తెలియని మార్మన్ ఇండిపెండెంట్‌కి 21 శాతం పడ్డాయి. ఓటు బ్యాంకు ఇలా ఉంటుందా అండి? తర్వాత మళ్ళీ చాలామంది ట్రంప్ వైపు వెళ్ళారు అది కూడా నిజం, దాచను, 2024లో అరిజోనా కూడా ఆయనే గెలిచారు.

చర్చి మాత్రం ఏ అభ్యర్థికీ ఓటెయ్యమని చెప్పదు. 2023 జూన్‌లో పెద్దలు రాసిన లెటర్ అయితే మన దగ్గర ప్రతి ఊళ్ళో చదివి వినిపించాలి అనిపిస్తుంది నాకు, మా తాతల నుంచి ఈ పార్టీయే అని విషయం తెలుసుకోకుండా ఓటు గుద్దేయడం ప్రజాస్వామ్యానికి ప్రమాదం అని రాశారు.

రస్టీ బౌవర్స్ గారి గురించి చెప్పకుండా ఈ ఉత్తరం ముగించలేను. అప్పటి అరిజోనా హౌస్ స్పీకర్, రిపబ్లికన్, మార్మన్, ట్రంప్‌కి ప్రచారం చేసి ఓటేసిన మనిషి. 2020లో అరిజోనాలో ట్రంప్ ఓడిపోయాక, ఆ ఫలితాన్ని తిప్పమని ట్రంప్ స్వయంగా ఫోన్ చేసి అడిగినా చేయను అన్నారు. వాషింగ్టన్‌లో కాంగ్రెస్ భవనం మీద గుంపు దాడి చేసిన 2021 జనవరి 6 పొద్దున ఆండీ బిగ్స్, మా వైపు కాంగ్రెస్‌మేన్, అదే చర్చి, ఫోన్ చేసి ఆ ఫలితాన్ని రద్దు చేయడానికి సపోర్ట్ అడిగారని, తాను ఒప్పుకోలేదని బౌవర్స్ గారు 2022 జూన్‌లో ఆ దాడి మీద విచారణ చేసిన కాంగ్రెస్ కమిటీ ముందు చెప్పారు, రాజ్యాంగం దేవుడి ప్రేరణతో వచ్చిందని మా విశ్వాసం, నేను దానికి ప్రమాణం చేశాను అన్నారు. ఆ ఆగస్టులోనే సొంత పార్టీ ప్రైమరీలో ఓడిపోయారు. ఒకే చర్చి, ఒకే ఏరియా, ఇద్దరు మనుషులు, చెరో దారి.

నాకెందుకు ఇంత పట్టింపు అంటారా, 2020లో కోవిడ్ టైంలో కాకినాడలో మా నాన్నగారు పోయారు, ఫ్లైట్లు లేవు, వెళ్ళలేకపోయాను, ఆఖరి చూపు ఫోన్‌లోనే. ఆ పది రోజులూ వాళ్ళ వార్డు, అంటే మా ఏరియా మార్మన్ సంఘం, ఆడవాళ్ళు రోజుకొకరు వండి గుమ్మంలో పెట్టి బెల్ కొట్టి వెళ్ళిపోయారు, మేము మాంసం తినమని ఎవరు చెప్పారో తెలీదు గానీ ఒక్కరోజు కూడా తప్పు జరగలేదు. మతం మారమని ఒక్క మాట అనలేదు. తర్వాత ఊళ్ళోకి రెఫ్యూజీ కుటుంబాలు వస్తే మంచాలు, గిన్నెలు మోసుకెళ్ళింది కూడా వాళ్ళే, నేనూ రెండుసార్లు వాళ్ళతో కలిసి వెళ్ళాను. 2025 జనవరిలో రెఫ్యూజీలు రావడాన్ని ప్రభుత్వం ఆపేసింది. ఓట్లు అడిగిన నాయకులు ఇలాంటప్పుడు వచ్చి ఆ ఆడవాళ్ళ ముందు కూర్చుని జవాబు చెప్పాలి, ఎలక్షన్‌కి ఆరు వారాల ముందు కాదు.

మన దగ్గర ఎలక్షన్ ముందు కులానికొక ఆత్మీయ సమ్మేళనం పెట్టినట్టే ఇక్కడ మా తెలుగువాళ్ళ ఉగాదికి కూడా అభ్యర్థులు వస్తున్నారు, కండువా వేయించుకుని నమస్కారం పెట్టి ఫోటో దిగి వెళ్తారు, మేము డొనేషన్లు ఇస్తాం, ఒక్క ప్రశ్న అడగం. వచ్చేసారి వచ్చేవాళ్ళకి స్మిత్ అడిగిన ప్రశ్నే రాసి పంపుదామని మా సంఘంలో చెప్పాను, మా మీదకి గుంపు వస్తే మీరు ఏం చేస్తారు, వేరేవాళ్ళ మీదకి వస్తే ఏం చేస్తారు అని. కొందరు ఒప్పుకున్నారు, కొందరు మనకెందుకు అన్నారు.

మీ వ్యాసంలో ఆ పెళ్ళిళ్ళ మాట తప్పు అని ఒక చిన్న సవరణ వేయండి. వీలైతే హైదరాబాద్‌లో ఉన్న వాళ్ళ చర్చికి మీ రిపోర్టర్‌ని ఒక ఆదివారం పంపండి, తెలుగులోనే మాట్లాడతారు.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు,
గిల్బర్ట్, అరిజోనా