మొహమాటపడితే లాడ్జి నడవదు

ఎడిటర్ గారికి,

మన ఊళ్లలో లాడ్జి అంటే బస్టాండు ఎదురుగా గదులు అద్దెకిచ్చే చోటు. ఫ్రీమేసన్లు (మేసన్లు) అనే సోదర సంఘం వాళ్లు కలుసుకునే మసానిక్ లాడ్జి అంటే మాత్రం తలుపులు బిగించుకుని ఏవో క్షుద్రపూజలు చేస్తారని అనుమానం. మన దేశంలో చాలాచోట్ల జనం దానికి ‘జాదూఘర్’ అని పేరు పెట్టింది అందుకే. హైదరాబాదులో 1872 నుంచి మేసన్ల చేతిలో ఉన్న గోషామహల్ బారాదరి భవనం గురించీ ఇవే గుసగుసలు. నిజానికి లోపల ఉండేవి హాజరుపట్టీ, మినిట్స్ పుస్తకం, చందా బకాయిలు, తంతులో అప్పచెప్పాల్సిన పాఠం ఎవరికి రాలేదన్న సణుగుళ్లు. మంచి లాడ్జి ఏదో, పేరుకు మాత్రమే నడిచే లాడ్జి ఏదో తేలేది వీటి దగ్గరే.

పాత లెక్క ఒకటుంది: ముగ్గురు లాడ్జిని ఏలతారు, ఐదుగురు నిలబెడతారు, ఏడుగురు లేదా అంతకు మించి ఉంటే అది సంపూర్ణం. దానితోపాటు పవిత్ర గ్రంథం తెరిచి ఉండాలి, లాడ్జిలన్నిటికీ పైనుండే గ్రాండ్ లాడ్జి ఇచ్చిన వారంట్, అంటే అనుమతి పత్రం, ఉండాలి. 1961లో ఏర్పడిన గ్రాండ్ లాడ్జ్ ఆఫ్ ఇండియా కింద పీఠం మీద ఒక్క గ్రంథం సరిపోదు. గీత, ఖురాన్, బైబిల్, గురు గ్రంథ సాహిబ్, జెంద్ అవెస్తా తెరుస్తారు. కొత్తగా చేరేవాడు ఏ గ్రంథం మీద ప్రమాణం చేస్తాడో ముందే కనుక్కుని సిద్ధం చేసుకోవాలి. అది మరచిపోయి, తంతు మధ్యలో డీకన్ (కొత్తవాణ్ణి వెంట నడిపించే పదాధికారి) పరుగులు పెట్టాడంటే ఆ లాడ్జిలో రిహార్సల్ జరగలేదన్నమాటే.

ఏడుగురు కనీస సంఖ్య. ఎక్కువలో ఎక్కువ ఎంతమంది అన్నది ఏ నియమావళీ చెప్పదు. నా లెక్కలో క్రమం తప్పకుండా వచ్చేవాళ్లు 30, 40 మంది దాటకూడదు. ఎందుకంటే లాడ్జి అధ్యక్షుడైన మాస్టరు కుర్చీకి పదవుల మెట్లున్నాయి: స్టూవర్డు, ఇన్నర్ గార్డు, జూనియర్ డీకన్, సీనియర్ డీకన్, జూనియర్ వార్డెన్, సీనియర్ వార్డెన్. ఏడాదికో మెట్టు చొప్పున ఎక్కితే ఏడో ఏట కుర్చీ. వందమంది ఉన్నచోట ఈ వరస అందేది కొందరికే. మిగతావాళ్లు సభ ముగిసే వేళకు భోజనానికి మాత్రం తయారవుతారు.

అసలు చిక్కంతా చేర్చుకోవడంలో ఉంది. మనవాళ్లకు ‘కాదు’ అనడం రాదు. ఫలానా ఆయన బావమరిది, ఫలానా ఆఫీసరు, ఎలా కాదంటాం? ఈ మొహమాటానికి విరుగుడుగానే బ్యాలట్ పెట్టె పుట్టింది. ముందు పెట్టె ఖాళీగా ఉందని అందరికీ చూపిస్తారు. తర్వాత ఒక్కొక్కరూ చెయ్యి మణికట్టు దాకా లోపలికి పెట్టి గోళీ వదులుతారు. తెల్లది సరే, నల్లది వద్దు. ఎవరిది ఏదో పక్కనున్నవాడికి కూడా తెలియదు. అమెరికాలో కొన్ని లాడ్జిలు నల్లగోళీ బదులు పాచికలాంటి నల్లటి ఘనాకారపు ముక్క వాడతాయి. మసక వెలుతురులో పొరపాటు పడకుండా వేళ్లకే తేడా తెలియాలని. ఇంగ్లండు నియమం ప్రకారం మూడు నల్లగోళీలు పడితే మనిషి బయటే. లాడ్జి తన ఉపనియమాల్లో ఆ మూడింటిని రెండుకో ఒకటికో తగ్గించుకోవచ్చు.

అయితే పెట్టె దాకా వచ్చాక నల్లగోళీ పడిందంటే ముందు పని సరిగా జరగలేదని అర్థం. అభ్యర్థి ఇంటికి ఇద్దరు ముగ్గురు వెళ్లి కూర్చోవాలి. ఇంట్లోవాళ్లకు ఇష్టమేనా? దేవుడి మీద నమ్మకం ఉందా? చేరే రుసుము, ఏటా చందా, విందు ఖర్చు, నల్లకోటు, సభలో నడుముకు కట్టుకునే ఏప్రన్ కలిపి మొత్తం ఎంతవుతుందో కాగితం మీద రాసి ఇచ్చారా? కాంట్రాక్టుల కోసం, పరిచయాల కోసం వచ్చేవాడు ఈ గంటలోనే బయటపడతాడు. మొదటి కప్పు కాఫీ అయ్యేలోపే సభ్యుల్లో ఎవరెవరు ఏ ఉద్యోగాల్లో ఉన్నారని అడుగుతాడు.

తొందర రెండో జబ్బు. మేసన్‌కు మూడు దశలు, వాటినే డిగ్రీలంటారు: అప్రెంటిస్, ఫెలోక్రాఫ్ట్, మాస్టర్ మేసన్. ఇంగ్లండు పద్ధతిలో డిగ్రీకీ డిగ్రీకీ మధ్య కనీసం 4 వారాలు ఉండాలి. ప్రత్యేక అనుమతి లేకుండా ఒకే రోజు ఇద్దరికి మించి కొత్తవాళ్లను చేర్చుకోకూడదు. 4 వారాలన్నది కనీసం మాత్రమే. చాలామంది దాన్నే గడువు అనుకుంటారు. అప్రెంటిస్ తెల్లటి గొర్రెతోలు ఏప్రన్ మీదికి ఫెలోక్రాఫ్ట్‌లో రెండు నీలి పువ్వులు, మాస్టర్ మేసన్ కాగానే మూడో పువ్వూ నీలి అంచూ వస్తాయి. మూడు నెలల్లో మూడు పువ్వులూ కుట్టించుకున్నవాడికి మొదటి డిగ్రీ ప్రశ్నలకు జవాబులు రావు. రేపు అతనే డీకన్ అయి, పుస్తకం చూసి చదువుతాడు. చదివే గొంతు వినగానే తంతు చచ్చిపోతుంది.

మాజీ మాస్టర్ల సంగతీ చెప్పాలి. వాళ్లు పక్కన కూర్చుని అందివ్వాల్సింది మాట మరచినవాడికి ఒక్క పదం. నలుగురూ నాలుగు వైపుల నుంచి అందిస్తే కుర్చీలో ఉన్న మాస్టరు బొమ్మైపోతాడు. ఈ పని తంతు చూసుకునే డైరెక్టర్ ఆఫ్ సెరిమనీస్ ఒక్కడికే అప్పగించిన చోట తేడా మొదటి సభలోనే కనిపిస్తుంది.

ఇక ఆల్మనర్. జబ్బుపడ్డ సభ్యుణ్ణి, చనిపోయినవారి భార్యనూ పిల్లలనూ కనిపెట్టుకుని ఉండాల్సిన మనిషి. చాలాచోట్ల ఈ పదవిని ఖాళీగా ఉన్న ఎవరికో కట్టబెడతారు. మూడు సభలు వరుసగా రానివాడికి ఎవరు ఫోన్ చేశారన్నది ఆల్మనర్ దగ్గర తేదీతో సహా ఉండాలి. ఇంగ్లండు నియమంలో రెండేళ్లు చందా బకాయి పడితే సభ్యత్వం దానంతటదే పోతుంది. అంతదాకా వచ్చిందంటే ఆ మనిషికి ఉద్యోగం పోయిందో, ఇంట్లో ఏదైనా జరిగిందో ఈ రెండేళ్లూ ఎవరూ అడగలేదన్నమాట.

చేరాలనుకునేవారు బారాదరి తోరణాలు చూసి మురిసిపోకుండా ఆ లాడ్జి ట్రెజరర్‌ని రెండు అంకెలు అడగండి: పోయిన ఏడాది విందులకు ఎంతైంది, ఆల్మనర్ చేతికి ఎంతిచ్చారు?

– ఒక పాఠకుడు, హైదరాబాద్