వార్షిక నివేదిక: ఈ ఏడాది పనులు, ఉర్లగడ్డ (బంగాళాదుంప) తగాదా

సభ్యులందరికీ నమస్కారం.

బెంగళూరులోని మన తెలుగు సంఘం ఉగాది సర్వసభ్య సమావేశంలో చదవడానికి కార్యదర్శిగా నేను రాసిన నివేదిక ఇది. మామూలు పనులు ముందు చెప్పేస్తాను. పోయిన ఉగాదికి పంచాంగ శ్రవణం జరిగింది. పిల్లల తెలుగు తరగతులు ఆదివారాలు నడిచాయి, పరీక్షల నెలల్లో మాత్రం ఆగాయి. వినాయక చవితికి మట్టి విగ్రహమే పెట్టాం. సంక్రాంతి ముగ్గులకు కె.ఆర్.పురంలో మన వీధి చాలలేదు, పక్క వీధి కన్నడ వాళ్లు తమ వాకిళ్లు కూడా ఇచ్చారు. లెక్కలు కోశాధికారిగారు విడిగా చదువుతారు.

ఇక కార్తీక వనభోజనాలు. కమిటీ సమావేశాల్లో సగం దీనికే పోయాయి కాబట్టి నివేదికలోనూ ఎక్కువ భాగం దీనికే పోతోంది, ఓర్చుకోండి.

ఆ రోజు పులిహోర, గుత్తివంకాయ బ్రహ్మాండంగా కుదిరాయి. బంగాళాదుంప వేపుడు మాత్రం నల్లగా వచ్చింది, పైగా తియ్యగా ఉంది. విస్తళ్లలో మిగిలిపోయిందంతా అదే. వి.కోట వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన మన పెద్దాయన ఒకరు ముక్క కొరికి పక్కన పెట్టి, "ఏం ఉర్లగడ్డలు సామీ ఇవి, గెనుసుగడ్డ తిన్నెట్లుండాది. కొత్త గడ్డలో కూడా ఇప్పుడు ఆ రుచి లేదు, పోయింది" అన్నారు (గెనుసుగడ్డ అంటే చిలగడదుంప). దాంతో మొదలైంది. రుచి పోయిందని కొందరు, నోరు ముసలిదైందని కొందరు, ఎరువులని కొందరు, హైబ్రిడ్ అని కొందరు. మధ్యలో అసలు దాన్ని ఏమనాలన్న గొడవ. బంగాళాదుంప అని కోస్తా వాళ్లు, ఆలుగడ్డ అని తెలంగాణ వాళ్లు, ఉర్లగడ్డ అని మా చిత్తూరు వాళ్లు. బెంగళూరు నుంచి వచ్చింది కాబట్టి బంగాళాదుంప అని మూడో తరగతి పిల్లాడు తీర్పు చెబితే కాసేపు అందరూ నవ్వారు. ఆ తర్వాత తప్పంతా వంటమాస్టారు మీదికి తోశాం. దుంప మాడ్చాడని ఆయనకు ఇవ్వాల్సిన డబ్బులో కోత పెట్టాం. "నూనె తప్పు కాదయ్యా, దుంపలోనే ఉంది" అని ఆయన మొత్తుకున్నా వినలేదు.

ఆయన మాటే నిజమైంది. తర్వాతి వారం ఇద్దరు సభ్యులం యశ్వంతపుర హోల్‌సేల్ మార్కెట్ యార్డుకు వెళ్లి ఒక వ్యాపారిని అడిగాం. నవంబర్‌లో మనకు దొరికేదాంట్లో ఎక్కువ భాగం ఆగ్రా వైపు సరుకే అన్నాడు. అక్కడ ఫిబ్రవరి, మార్చిలో తవ్వి కోల్డ్ స్టోరేజీలో పెడతారు. అంటే మన వనభోజనాల నాటికి దానికి ఎనిమిది నెలల వయసు. మొలక రాకుండా 2 నుంచి 4 డిగ్రీల చలిలో ఉంచుతారు. మన సభ్యుల్లోనే వ్యవసాయ శాఖలో పని చేసి రిటైరైన ఒకాయన మిగతాది వివరించారు. అంత చలిలో దుంపలోని పిండి పదార్థం కొంచెం కొంచెంగా చక్కెరగా మారుతుంది. అలాంటి ముక్క వేడి నూనెలో పడితే ఆ చక్కెర వల్ల, లోపలికి ఉడికేలోగానే పైన నల్లబడుతుంది. తీపీ, నలుపూ రెండూ ఒక దాని నుంచే వచ్చాయన్నమాట. ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టినా జరిగేది ఇదే. ఈ సంగతి ఇంట్లో చెబితే, "పదేళ్లుగా నేను అదే అంటున్నా, యార్డువాడు చెబితే గానీ తలకెక్కలేదా" అని మా ఆవిడ తలంటింది. చలిలోంచి తీసి రెండు వారాలు బయట గాలి తగిలే చోట ఉంచితే ఆ చక్కెర చాలావరకు తగ్గుతుందట.

వంటమాస్టారుకు కోత పెట్టిన డబ్బు తిరిగి ఇచ్చేశాం. కమిటీ తరఫున క్షమాపణ కూడా చెప్పాం. ఇది మినిట్స్‌లో రాయించాను.

కానీ పెద్దాయన ఫిర్యాదు అలాగే ఉండిపోయింది. ఆయన అన్నది నిల్వ దుంప గురించి కాదు, కొత్త దుంప గురించి. సంక్రాంతి ముందు ఒక బండి మీద ఎర్రమట్టి అంటుకున్న దుంపలు "కొత్త ఆలూ" అంటే ఎగబడి కొన్నాను. ఇంటికొచ్చి కడిగితే మట్టి పోయింది, కింద ముదురు తొక్క, కళ్ల దగ్గర మొలకలు. నిజంగా కొత్తదైతే బొటనవేలితో రుద్దితే తొక్క ఊడొస్తుంది. తీగ ఇంకా పచ్చగా ఉండగానే తవ్వుతారు కాబట్టి తొక్క గట్టిపడదు. చక్కెర అంతా పిండిగా మారి ఉండదు, తడి ఎక్కువ. అందుకే ఉడికించినా విరగకుండా నిలుస్తుంది. ఇంకా చక్కెర ఉన్నా ఇది నిల్వ దుంప తీపిలా మొహం మొత్తించదు. తొక్క పలచన కాబట్టి తొందరగా వాడిపోతుంది, అది వేరే సంగతి.

మన అదృష్టం కొద్దీ బెంగళూరుకు ఏడాదికి రెండుసార్లు దగ్గర్లోనే కొత్త దుంప దొరుకుతుంది. వానల పంట హాసన్ నుంచి ఆగస్టు, సెప్టెంబర్‌లో, చలికాలం పంట కోలార్, చిక్కబళ్లాపుర వైపు నుంచి ఫిబ్రవరి, మార్చిలో. కార్తీకం సరిగ్గా ఈ రెండింటి మధ్య పడుతుంది. కాబట్టి ఫిబ్రవరిలో ఒక ఆదివారం పెద్దాయనను వెంటబెట్టుకుని, ప్యాసింజర్ రైలెక్కి ఆరుగురం కోలార్ జిల్లా మాలూరు వెళ్లాం. తవ్వుతున్న చేను గట్టునే మూడు రాళ్ల పొయ్యి పెట్టి, ఉప్పు నీళ్లలో దుంపలు ఉడికించుకున్నాం. నూనె లేదు, మసాలా లేదు. తొక్కతోనే తిన్నాం. నిజం చెప్పాలంటే అంత బాగున్న దుంప నేను చాలా ఏళ్లుగా తినలేదు. మట్టి వాసన, వెన్నలాంటి మెత్తదనం. రైతు ఒక సంచి కట్టిచ్చాడు. అదే దుంప పది రోజుల తర్వాత మా ఇంట్లో వండితే బాగానే ఉంది గానీ, మాలూరులో తిన్నది మాత్రం కాదు.

ఏ రకం అని అడిగితే కుఫ్రి జ్యోతి అన్నాడు. విత్తనం పంజాబ్ జలంధర్ వైపు నుంచి వస్తుందట. రిటైర్డ్ సభ్యుడు అక్కడే లెక్క చెప్పారు. సిమ్లా ఆలు పరిశోధన సంస్థ ఈ రకాన్ని ఆకుమాడు తెగులును తట్టుకోవడానికి తయారు చేసి 1968లో విడుదల చేసింది. అంటే మనలో యాభై దాటిన వాళ్లలో చాలామంది చిన్నప్పుడు తిన్నదీ బహుశా ఇదే. ఈ మధ్య వచ్చిన హైబ్రిడ్ రుచి చెడగొట్టిందనే వాదన ఇక్కడ నిలవదు. నీళ్లు, యూరియా ఎక్కువ పెట్టి దుంప ఊరిస్తే లోపల నీరు పెరిగి రుచి పలచబడుతుందనేది మాత్రం ఆయనా ఒప్పుకున్నారు.

అందరం పెద్దాయన వైపు చూశాం. ఆయన నాలుగు దుంపలు తిన్నారు. "బాగుండాది. కానీ అది కాదు" అన్నారు. మాకు నీరసం వచ్చింది. రైల్లో తిరిగొస్తుంటే వయసు అడిగాను, డెబ్బై ఎనిమిది. జ్యోతి వచ్చేనాటికే ఆయన పెద్దవాడు! అప్పట్లో మన దేశంలో అప్ టు డేట్, గ్రేట్ స్కాట్ లాంటి స్కాట్లాండ్ రకాలు పండించేవాళ్లు. ఆయన నాలుక మీద ఉన్నది వాటిలో ఒకటేమో. ఆ సంగతి తట్టాక నేను ఆయనతో వాదించడం మానేశాను. మిగతా వాళ్ల జ్ఞాపకాల్లో మాత్రం సగం రుచి గానుగ నూనెదీ, కట్టెల పొయ్యిదీ అని ఇప్పటికీ అంటాను.

ఒక సభ్యురాలు లండన్‌లో ఉన్న కూతురికి ఈ కథ చెబితే అక్కడా ఇదే గోల అందట. వాళ్లకు జెర్సీ రాయల్ అనే కొత్త దుంపంటే ప్రాణం. జెర్సీ దీవిలో 1880 ప్రాంతంలో హ్యూ డి లా హే అనే రైతు మొదలుపెట్టిన రకం. దీవిలో ఏటవాలు చేలకు సముద్రపు నాచు ఎరువుగా వేసేవాళ్లు. ఇప్పుడు నాచు తగ్గిందని, తొందరగా మార్కెట్‌కు పంపాలని పాలిథిన్ కప్పుతున్నారని, అందుకే రుచి పోయిందని పెద్దవాళ్లు అంటారట. ఈ మాట విని మన పెద్దాయన చాలా సంతోషించారు.

కమిటీ తీర్మానాలు రెండు. వచ్చే కార్తీకంలో వేపుడుకు కంద వాడాలి, లేదా దుంపలు రెండు వారాల ముందే కొని గోనె మీద ఆరబోయాలి. ఏదన్నది ఈరోజు చేతులెత్తి తేల్చండి. రెండోది, ఏటా ఫిబ్రవరిలో మాలూరు ప్రయాణం. ఛార్జీలు ఎవరివి వాళ్లవే, ఉప్పు సంఘానిది. పేర్లు నా దగ్గర రాయించండి. పెద్దాయన పేరు ఇప్పటికే రాసేశాను.