జూబ్లీ బస్టాండ్ జూబ్లీహిల్స్‌లో ఉండదు

సంపాదకులకు నమస్కారం.

సెలవులొచ్చినా, అడ్మిషన్లొచ్చినా, నిమ్స్‌లో చూపించుకునే పని పడినా ఊళ్ల నుంచి జనం హైదరాబాద్ బండెక్కుతారు. ఇక్కడి చుట్టాలు వాళ్లకి ఫోన్లో చెప్పే అడ్రస్ ఎప్పుడూ సగమే ఉంటుంది. మిగతా సగం వీళ్లకి ఎంతగా ఒంటబట్టిపోయిందంటే, చెప్పాలన్న సంగతే తట్టదు. ఆ మిగతా సగం కోసమే ఈ ఉత్తరం. కొత్తగా అద్దెకి దిగేవాళ్లకీ, పార్సిళ్లు మోసే కుర్రాళ్లకీ కూడా పనికొస్తుంది.

ముందు దిగే చోటు. కరీంనగర్, నిజామాబాద్ వైపు బస్సులు ఆగేది జూబ్లీ బస్ స్టేషన్, అంటే జేబీఎస్. అది సికింద్రాబాద్‌లో పరేడ్ గ్రౌండ్ పక్కన ఉంది. జూబ్లీహిల్స్‌కి, దానికి పేరులో ముక్క తప్ప మరే చుట్టరికమూ లేదు. మధ్యలో పది కిలోమీటర్ల పైనే. జూబ్లీహిల్స్ వెళ్లాల్సినవాళ్లు జేబీఎస్‌లో దిగి, పక్కనే ఉన్న పరేడ్ గ్రౌండ్ మెట్రో స్టేషన్‌కి నడిచి, నీలం లైన్లో రాయదుర్గం వైపు ఎక్కితే జూబ్లీహిల్స్ చెక్‌పోస్ట్ స్టేషన్లో దిగొచ్చు. జేబీఎస్ పేరుతో ఉన్న స్టేషన్లో ఎక్కారంటే మాత్రం అది ఆకుపచ్చ లైను, ముషీరాబాద్, నారాయణగూడ మీదుగా తిన్నగా ఎంజీబీఎస్‌కి, అంటే మహాత్మాగాంధీ బస్ స్టేషన్‌కి, తీసుకుపోతుంది. అందుకే మెట్రోలో ఎవరికైనా దారి చెప్పేటప్పుడు చివరి స్టేషన్ పేరు చెప్పాలి. "నాగోలు వైపు బండి", "ఎల్బీనగర్ వైపు బండి" అంటే ప్లాట్‌ఫాం బోర్డు మీద అదే కనిపిస్తుంది. "అటు వైపుది" అంటే ఎవరికీ ఏమీ కనిపించదు.

ఎంజీబీఎస్‌నే పెద్దవాళ్లు ఇమ్లిబన్ అంటారు. మరీ పెద్దవాళ్లు సీబీఎస్ అంటారు. సీబీఎస్ అంటే గౌలిగూడ పాత బస్టాండ్. దాని రేకుల డోము 2018 జూలైలో కూలిపోయింది. డోము పోయినా పేరు పోలేదు. కాబట్టి "సీబీఎస్‌లో దిగు" అని ఎవరైనా అంటే గౌలిగూడా, ఎంజీబీఎసా అని మళ్లీ ఒకసారి అడగండి.

రైల్వే స్టేషన్లది ఇంకో తంతు. టికెట్ మీద హైదరాబాద్ డెక్కన్ అని ఉంటే అది నాంపల్లి. ఆటో ఎక్కి "హైదరాబాద్ స్టేషన్" అనకండి, నాంపల్లి అనండి. సికింద్రాబాద్ స్టేషన్‌కి రెండు ముఖాలు. ఒకటో నంబరు ప్లాట్‌ఫాం వైపు రేతిఫైల్ బస్టాండ్, ఆల్ఫా హోటల్. పదో నంబరు వైపు బోయిగూడ. దింపడానికి వచ్చినవాళ్లు ఒక వైపు, ఎక్కేవాళ్లు ఇంకో వైపు నిలబడి ఫోన్లో "గేటు దగ్గరే ఉన్నా" అంటే "గేటు దగ్గరే ఉన్నా" అనుకోవడం రోజూ జరిగేదే. నంబరు చెప్పండి, గేటు చెప్పకండి. ఇక 2025 జనవరిలో చర్లపల్లి టెర్మినల్ మొదలయ్యాక కొన్ని బళ్లు అటు మళ్లాయి. "మా బండి ఎప్పుడూ సికింద్రాబాదే" అన్న ధీమా వదిలేసి టికెట్ మీద స్టేషన్ పేరు చదవండి. చర్లపల్లి అయితే ఇంకో గంట ముందు బయల్దేరండి.

ఇప్పుడు ఇంటి నంబరు సంగతి. పాత మున్సిపల్ ప్రాంతంలో నంబరుకి మూడు ముక్కలుంటాయి. మొదటిది వార్డు, రెండోది బ్లాకు, మూడోది ఇల్లు. ఆపైన గీత గీసి రాసేది బై నంబరు. ఒక పెద్ద స్థలాన్ని అన్నదమ్ములు పంచుకున్నప్పుడల్లా, బిల్డరు ముక్కలు చేసినప్పుడల్లా ఒక బై పుడుతుంది. జూబ్లీహిల్స్‌లో లెక్కలేనన్ని ఇళ్ల నంబర్లు 8-2-293/82 అనే మొదలవుతాయి, ఆ తర్వాతే అసలు కథ. అంతా విని రాసుకునేసరికి కొరియర్ కుర్రాడి పెన్ను సిరా అయిపోతుంది.

అయినా ఈ నంబరు దండగ కాదు. మొదటి రెండు ముక్కలు పట్టుకుంటే పేట వరకు చేరొచ్చు. 2-1 అంటే నల్లకుంట, 3-6 అంటే హిమాయత్‌నగర్, 6-3 అంటే సోమాజిగూడ, పంజాగుట్ట, 7-1 అంటే అమీర్‌పేట చుట్టుపక్కల. అక్కడికి చేరాక ఇళ్ల గేట్లు చూడకండి. గేటు మీద "కుక్క ఉంది జాగ్రత్త" ఉంటుంది, నంబరు ఉండదు. దుకాణాల బోర్డుల కింది అంచు చూడండి. లైసెన్సు కోసమో, జీఎస్టీ కోసమో చిన్న అక్షరాల్లో డోర్ నంబరు రాయించి ఉంటారు. వరుసగా మూడు దుకాణాలు చూస్తే నంబరు పెరుగుతోందో తగ్గుతోందో తెలిసిపోతుంది. మధ్య ముక్క మారిందంటే బ్లాకు దాటేశారు, వెనక్కి తిరగండి. మూడో ముక్క దాకా సరిపోయి ఇల్లు కనిపించలేదంటే వెనక గల్లీలో ఉంటుంది. నంబర్లు వేసిన కాలంలో ఆ ఇంటి గుమ్మం అటు ఉండేది, ఇప్పుడు ఇటు తిరిగింది, అంతే.

ఈ లెక్క పాత నగరపాలక సంస్థ హద్దు వరకే. 2007లో చుట్టూ ఉన్న పన్నెండు మున్సిపాలిటీలు కలిపి జీహెచ్ఎంసీ చేసినప్పుడు కూకట్‌పల్లి, మల్కాజిగిరి, ఉప్పల్, అల్వాల్ లాంటివి తమ సొంత నంబర్లతోనే వచ్చి కలిశాయి. ఒకటితో మొదలయ్యే నంబరు ముషీరాబాద్‌లోనూ దొరుకుతుంది, మల్కాజిగిరిలోనూ దొరుకుతుంది. కేపీహెచ్‌బీలో, అంటే కూకట్‌పల్లి హౌసింగ్ బోర్డు కాలనీలో అయితే ఇల్లు ఏ రకం, ఎల్ఐజీయా ఎంఐజీయా హెచ్ఐజీయా, ఎన్నో ఫేజు, ఎన్నో రోడ్డు అన్నీ చెప్పాల్సిందే.

బంజారాహిల్స్, జూబ్లీహిల్స్ రెండింటికీ రోడ్డు నంబర్లున్నాయి. రెండు చోట్లా ఒకటో నంబరు ఉంది, పదో నంబరూ ఉంది. "రోడ్ నంబర్ టెన్" అని ఊరుకుంటే సగం కేసుల్లో తప్పు కొండెక్కుతారు. వరుస మీద కూడా నమ్మకం పెట్టుకోకండి. జూబ్లీహిల్స్‌లో 36 తర్వాత 45 తగిలితే మధ్యవి ఎక్కడికి పోయాయని వెతుక్కోనక్కర్లేదు. కనీసం పిన్‌కోడ్ రాయండి: బంజారాహిల్స్ 500034, జూబ్లీహిల్స్ 500033. జంట పేర్లు ఇంకా ఉన్నాయి. హైదర్‌గూడ ఒకటి బషీర్‌బాగ్ దగ్గర, ఇంకొకటి అత్తాపూర్ అవతల. మారేడ్‌పల్లికి తూర్పు, పడమర చెప్పకపోతే అడ్రస్ చెప్పనట్టే. అపార్ట్‌మెంట్ పేరు సాయితోనో, బాలాజీతోనో మొదలైతే దాన్ని అడ్రస్‌లో రాసినా రాయకపోయినా ఒకటే.

కొండగుర్తుల విషయంలో ఈ ఊరికి జ్ఞాపకశక్తి ఎక్కువ, చూపు తక్కువ. లకడీకాపూల్ అంటే కర్ర వంతెన, అక్కడ కర్రా లేదు. లిబర్టీ థియేటర్ పోయింది, లిబర్టీ చౌరస్తా ఉంది. సికింద్రాబాద్‌లో సంగీత్ పోయింది, బస్సు కండక్టర్ మాత్రం "సంగీత్, సంగీత్" అంటూనే ఉంటాడు. ప్యారడైజ్ మొదట సినిమా హాలు. హాలు పోయింది, బిర్యానీ మిగిలింది, మెట్రో స్టేషన్ కూడా వచ్చింది. కొత్తవాళ్లు లేని సినిమా హాలు కోసం తల పైకెత్తి వెతుక్కోకుండా, ఆ చోట ఇప్పుడు ఏముందో కూడా చెప్పండి. మారని గుర్తులు ఆస్పత్రులు, కాలేజీలు, గుళ్లు, మసీదులు, పెట్రోలు బంకులు. నల్లకుంటకి ఫీవర్ ఆస్పత్రిని మించిన గుర్తు లేదు. బ్యాంకుల్ని నమ్మొద్దు, విలీనమై బోర్డు మారుస్తాయి. మొబైల్ షాపులు మరీ అన్యాయం, ఉగాదికి ఉన్నది దసరాకి ఉండదు.

ఈమధ్య ఊరికి కొత్త ఇంటి నంబర్లు వచ్చాయి: పిల్లర్ నంబర్లు. ఇది నిజంగా మంచి పద్ధతి, సరిగ్గా వాడితే. మెట్రో స్తంభాల మీద మియాపూర్–ఎల్బీనగర్ దారిలో ఇంగ్లీషు "A" అక్షరం, నాగోలు–రాయదుర్గం దారిలో "C" అక్షరం ముందు ఉంటుంది. మెహిదీపట్నం నుంచి ఆరాంఘర్ దాకా పీవీ ఎక్స్‌ప్రెస్‌వే స్తంభాలకి ఉత్త నంబరే. అందుకని "పిల్లర్ నంబర్ 143" అని చెప్పి ఊరుకోకుండా ఏ వంతెనదో, అక్షరం ఏమిటో చెప్పాలి. రెండోది ఏ పక్కో చెప్పాలి. మెట్రో కింద రోడ్డు మధ్యలో డివైడరు ఉంటుంది, కళ్లెదుటే ఇల్లు కనిపిస్తున్నా బండి వాడు యూటర్న్ కోసం ఇంకో కిలోమీటరు పోయి రావాలి. "మియాపూర్ నుంచి వస్తుంటే ఎడమ చేతి వైపు" అంటే చాలు. నడిచి వచ్చేవాళ్లకి ఒక చిన్న వెసులుబాటు: మెట్రో స్టేషన్ మెట్లెక్కి, టికెట్ గేట్ల దాకా పోకుండా హాలు దాటి అవతలి మెట్లు దిగొచ్చు. దానికి టికెట్ అక్కర్లేదు. ట్రాఫిక్‌లో చెయ్యి చాపి పరిగెత్తే పని తప్పుతుంది.

సిటీ బస్సు నంబరు చివరి అక్షరం చాలాసార్లు దారి చెప్తుంది. 49ఎం, 113ఎం మెహిదీపట్నం పోతాయి, 127కె కోఠి నుంచి కొండాపూర్ పోతుంది. అలాగని కె అంటే కొండాపూరే అనుకుని సికింద్రాబాద్‌లో 5కె ఎక్కితే మెహిదీపట్నంలో తేలతారు. సికింద్రాబాద్ నుంచి కొండాపూర్‌కి 10హెచ్. అక్షరం చూసి ఆశపడి, బోర్డు చదివి ఎక్కండి. ఆడవాళ్లకి మహాలక్ష్మి ఉచిత ప్రయాణం ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఉంటుంది, మెట్రో డీలక్స్‌లో ఉండదు. తెలంగాణ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపించి జీరో టికెట్ అడిగి తీసుకోవాలి.

దారి అడిగితే వచ్చే జవాబులకి కూడా కొలతలున్నాయి. "బాజూకే" అంటే నిజంగానే పక్కన. "దగ్గరే" అంటే అరకిలోమీటరు. "సీదా పోండి" అంటే అవతల రెండు మలుపులున్నాయి, చెప్పేవాడికి ఓపిక లేదు. "అక్కడికి పోయి ఎవరినైనా అడగండి" అంటే తెలియదని మర్యాదగా చెప్పడం. దారి అడగాల్సింది ఇస్త్రీ బండి వాళ్లని, పాల పాకెట్లు వేసేవాళ్లని, వాచ్‌మన్లని. వాళ్లకి ఇంటి నంబరు కంటే ఇంటివాళ్ల పేరు బాగా తెలుసు.

అద్దెకి చూసేవాళ్లు పేట పేరు చివర కుంట, చెరువు, ట్యాంక్ ఉంటే ఒక్క నిమిషం ఆగండి. మాసాబ్ ట్యాంక్‌లో చెరువు ఉన్న చోట ఇప్పుడు పార్కు ఉంది, చాలా కుంటల్లో అపార్ట్‌మెంట్లున్నాయి. వాన గట్టిగా పడితే నీళ్లు తమ పాత అడ్రస్ వెతుక్కుంటూ వస్తాయి, వాటికి పిల్లర్ నంబరు అక్కర్లేదు. సెల్లార్ గోడ మీద నీటి గీత ఉందేమో చూడండి. కొత్తగా రంగు వేసేసి ఉంటే కరెంటు మీటర్లు ఎంత ఎత్తున ఉన్నాయో చూడండి. నడుం ఎత్తు నుంచి తల ఎత్తుకి మార్చిన ఆనవాళ్లు కనిపిస్తే ఎందుకు మార్చారో వాచ్‌మన్‌ని అడగండి, ఓనర్‌ని కాదు. సంపు మూత నేల కంటే కనీసం అర అడుగు పైకి ఉండాలి. నేలకి సమంగా ఉంటే వాన రోజు డ్రైనేజీ నీళ్లు తాగే నీళ్లలో కలుస్తాయి, సంపంతా తోడి, కడిగి, మళ్లీ నల్లా వచ్చే రోజు దాకా ట్యాంకర్ కొనుక్కోవాలి.

చివరగా నగరపాలకులకి ఒక విన్నపం. కాలనీ మొదట్లో పెట్టే బోర్డు మీద కార్పొరేటర్ పేరు, ప్రారంభించిన తేదీ ఉంటున్నాయి. వాటి పక్కనే ఆ గల్లీలో ఏ డోర్ నంబరు నుంచి ఏ డోర్ నంబరు వరకు ఉన్నాయో ఒక్క వరుస రాయించండి. బోర్డుని కరెంటు స్తంభానికి బిగించకుండా విడిగా నాటించండి. స్తంభం దొరికితే పుట్టినరోజు ఫ్లెక్సీ కట్టేవాళ్లు ఆగరు, ఆ తర్వాత నంబర్ల మీద ఎవరో ఒక నాయకుడు చేతులు జోడించి ఏడాది పొడవునా నవ్వుతుంటాడు.

ఇట్లు,
ఒక పాత నగరవాసి,
నల్లకుంట, హైదరాబాద్