నాన్న హెరాల్డ్ కారు సామాను ఇళ్లు చేరింది, అందరికీ కృతజ్ఞతలు

అందరికీ నమస్కారం. తెనాలిలో మా నాన్నగారి వెనకగదిలో ఉన్న పాత కారు సామాను ఏం చేయాలో తెలియడం లేదని నాలుగు నెలల క్రితం మీ అందరినీ అడిగాను. మొన్న ఆదివారంతో ఆ గది ఖాళీ అయింది. ఒక్కొక్కరికీ ఫోన్ చేసి చెబుదామంటే రెండో మాటకే గొంతు పట్టేస్తోంది. అందుకే రాస్తున్నాను.

తెలియనివాళ్ల కోసం కాస్త వెనక్కి వెళ్తాను. నాన్న కరెంట్ ఆఫీసులో పనిచేసేవారు. 1983లో ఒక డాక్టరుగారి దగ్గర స్టాండర్డ్ హెరాల్డ్ కారు కొన్నారు, నాలుగు తలుపులది. ఇంగ్లండులో ట్రయంఫ్ హెరాల్డ్ అని వచ్చిన కారునే మద్రాసులో స్టాండర్డ్ కంపెనీ 1961 నుంచి తయారుచేసింది. 1971లో దాన్ని ఆపారు, తర్వాత గెజెల్ అనే కారు తెచ్చారు, అదీ 1977 దాకానే. 1988లో కంపెనీయే మూతపడింది. అంబాసిడర్ 2014 వరకూ తయారైంది కాబట్టి దాని సామాను ఏ ఊళ్లోనైనా దొరికేది. మా బండికి ఆ అదృష్టం లేదు. ఆ భయంతోనే నాన్న కనబడిందల్లా కొనిపెట్టడం మొదలుపెట్టారు. మద్రాసులో ఏ చుట్టాల పెళ్లయినా పినాకినీ రైలు ఎక్కేది ఆయనే. భోజనం కాగానే పుదుప్పేట పాత సామాను కొట్లకి పోయేవారు. అమ్మ చీర తెస్తారేమోనని ఎదురుచూస్తుంటే సంచిలోంచి బ్రేకు డ్రమ్ము దిగేది.

పోయిన కార్తీకంలో నాన్న పోయారు. ఇల్లు అమ్మకానికి పెట్టాం. అన్నయ్య ఉద్యోగం దుబాయిలో. గది నా నెత్తిన పడింది.

నేను చేసిన తప్పులు ముందే ఒప్పుకుంటాను. ఆ ఏడు మాకు పండగ లేదు. కానీ భోగి ముందురోజు వీధిలో పిల్లలు మంటలోకి పాతవేమైనా ఇవ్వమంటే, చెదలు పట్టిన కాగితాల కట్టలు రెండు తీసి ఇచ్చేశాను. కారు విడిభాగాల పుస్తకం, బొమ్మలతో సహా, అందులోనే ఉందని వారం తర్వాత తెలిసింది. రెండో తప్పు, మొదట వచ్చిన కొనుగోలుదారుణ్ణి నమ్మడం. చాలా మర్యాదగా మాట్లాడాడు, నాన్న ఫొటోకి దండం కూడా పెట్టాడు. మీటర్లు, రెండు కార్బురేటర్లు, స్టీరింగు ఏరుకుని, మిగతాది తుక్కేనమ్మా అని పదిహేను వేలు చేతిలో పెట్టాడు. అవే మీటర్లు తర్వాత ఏ ధరకి అమ్మకానికి పెట్టాడో చూశాక రెండు రోజులు అన్నం సహించలేదు. పేరెందుకులెండి.

ఆ తర్వాత పాత ఇనుము వాళ్లని పిలిచాను. ఇనుము ఒక కుప్ప, అల్యూమినియం ఒక కుప్ప, ఇత్తడి ఒక కుప్ప పోశారు. ఇత్తడికి రేటెక్కువ కాబట్టి దాన్ని ముందు తూచారు. సరిగ్గా అప్పుడు విజయవాడ ఆటోనగర్ నుంచి బాబాయి వచ్చారు. నాన్న బండికి ముప్పై ఏళ్లు మెకానిక్ ఆయన, ఇప్పుడు డెబ్బై దాటాయి. కబురు పెట్టింది మీలో ఒకరే. చెప్పులైనా విప్పకుండా నేరుగా కాటా దగ్గరికి వెళ్లి, తక్కెట్లోంచి పిడికెడంత ఇత్తడి ముక్క ఒకటి తీసి, "అమ్మాయ్, ఇవి తూకానికి వేసేవి కావమ్మా" అన్నారు.

ఇక్కడ నాన్న నోటుపుస్తకం గురించి చెప్పాలి. లెక్క రాయకుండా ఉండే మనిషి కాదు. కాకపోతే అన్నీ ఆయన పెట్టిన పేర్లే. "పుర్రచేతి బుడ్లు 2, కుడిచేతి బుడ్లు 3. గ్రీజు కాదు, నూనె" అని రాసి కింద రెండు గీతలు గీశారు. నేను గదంతా దీపపు బుడ్ల కోసం వెతికాను! బాబాయి అది చదివి, నవ్వి, కళ్లు తుడుచుకున్నారు. ఆ ఇత్తడి ముక్కలే బుడ్లు. ట్రన్నియన్ అంటారట. హెరాల్డ్ ముందు చక్రం దగ్గర నిలువుగా ఉండే కడ్డీ కింది కొస దీంట్లోకి మరతో దిగుతుంది. స్టీరింగు తిప్పినప్పుడల్లా ఆ మరలోనే తిరుగుతుంది. కుడి చక్రానికి మామూలు మర, ఎడమ చక్రానికి పుర్రమర. గ్రీజు పెడితే లోపలిదాకా చేరదు, గేర్ ఆయిలే పోయాలి. నూనె లేక అరిగి విరిగితే నడిచే బండికి చక్రం పక్కకి పడిపోతుంది. బాబాయి రెండు ముక్కలూ నా చేతికిచ్చి కడ్డీని తిప్పి చూపించారు, ఒకటి ఇటు తిప్పితే దిగింది, ఇంకోటి అటు.

అక్కణ్ణించి ఆయన ఆరు ఆదివారాలు తెనాలి వచ్చారు. బస్సు చార్జీ కూడా తీసుకోలేదు, అమ్మ చేసిన గోంగూర పచ్చడి మాత్రం పట్టుకెళ్లారు. బేరింగు పెట్టెల మీద 20 అని ఉంటే ఇరవై ముక్కలనుకుని లెక్క రాసుకున్నాను. ఇంజనులో తిరిగే క్రాంకు ఇరుసుని ఇరవై థౌ, అంటే అంగుళంలో ఇరవై వెయ్యో వంతులు, అరగదీశాక వేసే సైజు అది అని కొట్టేయించారు. నేను పారేద్దామనుకున్నవి ఉంచమన్నారు, అమ్ముదామనుకున్నవి పారేయించారు. బ్రేకు సిలిండరు రబ్బర్లు సీలు తీయని పెట్టెల్లో ఉన్నాయి, వాటికి మంచి ధర వస్తుందని నేను సంబరపడ్డాను. ఆయన ఒకటి తీసి బొటనవేలితో మడిచారు, అప్పడంలా పగిలింది. "కొత్తదే, కానీ దీని వయసు నీ వయసమ్మా, బ్రేకులో వెయ్యకూడదు" అని మొత్తం చెత్తలో పోయించారు.

ఇంగ్లండులో కోవెంట్రీలో ఉన్న తమ్ముడికి, నిన్ను నేనింకా చూడనేలేదు. ట్రయంఫ్ కార్లు పుట్టిన ఊళ్లో ఉంటున్నానక్కా అని నీ అంతట నువ్వే ఫోన్ చేశావు. నేను భోగిమంటలో వేసిన పుస్తకాన్ని పేజీ పేజీ స్కాన్ చేసి పంపావు. అర్ధరాత్రిళ్లు ఫొటోలు చూసి నంబర్లు చెప్పావు. స్టాన్‌పార్ట్ అని రాసున్న అట్టపెట్టెలు ఇంగ్లండు నుంచి వచ్చిన అసలు సరుకని, పెట్టెలు కూడా పారేయొద్దని చెప్పింది నువ్వే.

పక్కింటి అన్నయ్యకి కూడా. ఓనరు పోయాక ముప్పై రోజుల్లో ఆర్టీవోకి తెలియజేయాలని, మూడు నెలల్లో ఫారం 31 పెట్టి ఆర్సీ మార్పించుకోవాలని మాకు తట్టలేదు. గడువు దాటాక నాతోపాటు తిరిగి పని పూర్తి చేయించారు. కారు అమ్మ పేరు మీదకి వచ్చింది. దాన్ని మాత్రం అమ్మట్లేదు.

సామాను ఎవరికివ్వాలన్నది బాబాయి పెట్టిన షరతే. బండి ఫొటో, ఆర్సీ చూపించినవాళ్లకే, అవసరమైనంతే, తిరిగి అమ్ముకునేవాళ్లకి వద్దు. హోల్‌సేల్‌గా ఇచ్చేస్తే ఒక్కరోజులో తేలిపోయేది, నాకూ విసుగొచ్చి ఒకటి రెండుసార్లు ఆయనతో గొడవపడ్డాను. క్షమించండి బాబాయ్. రెండో ఇంజను ఐటీఐకి ఇచ్చాం. మాస్టారు దాన్ని నిలువునా కోయించి, పిల్లలకి పిస్టన్లు కదిలేది కనబడేలా బల్ల మీద బిగించారు. గేరుబాక్సు బెంగళూరు వెళ్లింది. అద్దాలు హైదరాబాదు. పుర్రచేతి బుడ్లలో ఒకటి కోయంబత్తూరులో రెండేళ్లుగా ఇటుకల మీద నిలబడ్డ హెరాల్డ్‌కి వెళ్లింది. ఆ దంపతులు పోయినవారం వీడియో పంపారు. ఆవిడ నూనె డబ్బా పట్టుకుని, "గ్రీజు కాదు, నూనె" అని తమిళ యాసలో అంటోంది. అమ్మ దాన్ని పదిసార్లయినా చూసి ఉంటుంది.

ఇంకా రెండు తలుపు హ్యాండిళ్లు, ఒక బంపరు, వెనక లైటు గ్లాసులు మూడు మిగిలాయి. హెరాల్డ్ ఉన్నవాళ్లు అడగండి, పోస్టు ఖర్చు పెట్టుకుంటే చాలు. నోటుపుస్తకంలో అన్నీ దొరికాయి గానీ, ముప్పై రెండో పేజీలో "మేనత్త 1, జాగ్రత్త" అని ఉంది. బాబాయికీ తెలియదు, కోవెంట్రీ తమ్ముడికీ తెలియదు. నాన్న ఎప్పుడైనా మీ దగ్గర ఆ మాట అనివుంటే చెప్పండి.