పన్నుకు ఉద్యోగులం, సెలవులకు కాదా?

సంపాదకులకు,

బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రుల్లో, కౌన్సిళ్లలో కాంట్రాక్టు మీద ఐటీ పనులు చేసే తెలుగువాళ్లలో నేనూ ఒకణ్ణి. మమ్మల్ని ఏళ్లుగా వేధిస్తున్న ‘ఐఆర్35’ పన్ను నిబంధన గురించి రాస్తున్నాను.

ఉద్యోగిలాగే పనిచేస్తూ, సొంత లిమిటెడ్ కంపెనీ పేరుతో పన్ను తగ్గించుకునేవారిని ఆపడానికి 2000 ఏప్రిల్‌లో ఇది వచ్చింది. ఆ ఉద్దేశాన్ని తప్పుపట్టను. తన పని ఉద్యోగం కిందికి వస్తుందో, సొంత వ్యాపారం కిందికి వస్తుందో అప్పట్లో కాంట్రాక్టరే తేల్చుకునేవాడు. 2017 ఏప్రిల్‌లో ప్రభుత్వ రంగం వరకు ఆ నిర్ణయాన్ని పని చేయించుకునే సంస్థకు అప్పగించారు. తేడా వస్తే బకాయి తమ మెడకు చుట్టుకుంటుందని చాలా సంస్థలు అందరినీ ఒకే గాటన కట్టి, పన్ను కోసం ఉద్యోగులేనని ముద్ర వేశాయి.

నేను పనిచేసిన ఒకచోట కళ్లారా చూశాను. ఒకాయన డేటా మార్పిడి పని మొత్తంగా ఒప్పుకుని, తన ల్యాప్‌టాప్‌తో, తన వేళల్లో పూర్తిచేసి అప్పగించేవాడు. ఇంకొకాయన రోజూ మేనేజర్ చెప్పింది చేసేవాడు. ఇద్దరికీ వచ్చిన నిర్ణయ పత్రంలో పేర్లు తప్ప అక్షరం తేడా లేదు. అభ్యంతరం చెబితే 45 రోజుల్లో జవాబివ్వాలని 2021 నుంచి నియమం ఉంది. కానీ ఆ జవాబిచ్చేది కూడా నిర్ణయం చేసిన సంస్థే!

ఆ ముద్ర పడ్డాక ఆదాయపు పన్ను, నేషనల్ ఇన్సూరెన్స్ (సామాజిక భద్రత కోసం కట్టే చందా) ముందే కోస్తారు. సొంత కంపెనీ ద్వారా పనిచేస్తే జీతంతో సెలవు లేదు, జబ్బు చేస్తే డబ్బు రాదు, పెన్షన్ మాట ఎత్తనే కూడదు. కాంట్రాక్టర్లను తన ఉద్యోగులుగా చేర్చుకుని జీతమిచ్చే మధ్యవర్తి ‘అంబ్రెల్లా’ కంపెనీలో చేరితే సెలవులు ఉంటాయి గానీ, యజమాని కట్టాల్సిన 15 శాతం నేషనల్ ఇన్సూరెన్స్ కూడా మాట్లాడుకున్న రోజు రేటులోంచే పోతుంది.

ఈ నిబంధన ప్రభుత్వ శాఖలకే కొరుకుడుపడలేదు. తప్పుడు నిర్ణయాల వల్ల 2020-21లో కేంద్ర ప్రభుత్వ సంస్థలు కట్టాల్సిన, కట్టాల్సి రావచ్చనుకున్న పన్ను 26.3 కోట్ల పౌండ్లని జాతీయ ఆడిట్ కార్యాలయం 2022లో తేల్చింది. అదే ఏడాది సెప్టెంబరులో 2017, 2021 మార్పులను రద్దు చేస్తామని ప్రభుత్వం చెప్పింది, అక్టోబరులో మాట వెనక్కి తీసుకుంది.

కాంట్రాక్టరు అప్పటికే కట్టిన పన్నును సంస్థ బకాయిలోంచి మినహాయించే వీలు 2024 ఏప్రిల్‌లో వచ్చింది. కాబట్టి ఇంకా భయం సాకు చెప్పడం న్యాయం కాదు. ఎవరి పని వారిది విడిగా చూడాలి. అభ్యంతరాలను బయటి అధికారి వినాలి. పన్ను కోసం ఉద్యోగి అని తేల్చిన మనిషికి సెలవు జీతం, అనారోగ్య భత్యం ఆ సంస్థే ఇచ్చేలా చట్టం మార్చాలి.

— ఒక ఐటీ కాంట్రాక్టర్, బ్రిటన్